అయిపోకూడని లెక్క

కంప్యూటర్ లెక్కల ఆఫీసు వారికి,

ఇక్కడ మేము క్షేమం అని అలవాటు కొద్దీ రాస్తున్నాను, నమ్మకండి. మీరు మాత్రం క్షేమంగా ఉండాలి, నాకు మీతో పని పడింది.

నేను చదివింది తక్కువ. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. మీ చిరునామా మా అమ్మాయి ప్రోగ్రాం కొన్న అట్టపెట్టె మీద దొరికింది. మా అమ్మాయి ఇంజినీరు. పొట్టిది కదా అని ఇంట్లో బుడంకాయ అంటాం. నీళ్ళ మీటర్లు చేసే చిన్న కంపెనీలో పని. ఇంట్లో ఎన్ని నీళ్ళు వాడారో మీటరే వీధిలో నిలబడ్డ మనిషికి చెప్పేయాలట. చెప్పడానికి నోరు కావాలి కదా, ఆ నోరే యాంటెన్నా. యాంటెన్నా అంటే మేడ మీద చేపముల్లులా నిలబడేదనుకున్నాను. "కాదే అమ్మా, ఇది బిళ్ళ. పచ్చ పలకకి పైన రాగి బిళ్ళ, కింద రాగి రేకు, అంతే" అంది. బిస్కెట్టంత బిళ్ళకి ఇన్నేళ్ళ చదువా అన్నాను. "బిళ్ళ పొడవు మారితే దాని గొంతు మారిపోతుంది. ముందు కంప్యూటర్లో చేసి చూసుకుంటే రాగి పాడవదు" అంది.

పోయిన వానల్లో ఒక పొద్దున మీ ప్రోగ్రాంలో లెక్క మొదలుపెట్టి, "అమ్మా, లెక్క నడుస్తోంది, ఎవరూ కదపకండి, ఇప్పుడే వస్తా" అని స్కూటర్ వేసుకుని వెళ్ళింది. లారీ. ఇంక రాలేదు.

లెక్క మాత్రం నడుస్తూనే ఉంది. బిళ్ళ మీద ఎరుపు, పసుపు, నీలం అలల్లాగా ఊగుతూనే ఉన్నాయి. మా అమ్మాయి తన చేత్తో మొదలుపెట్టి వదిలినవాటిలో ఇంకా కదులుతున్నది ఇదొక్కటే. నిన్న తెర మీద ఎర్ర పట్టీ వచ్చింది, అనుమతి గడువు నెలాఖరుతో సరి అని. అప్పుడు లెక్క ఆగిపోతుందా? ఆపకండి బాబూ. నేనడిగేది అంతే.

ఇట్లు,
బుడంకాయ తల్లి

తా.క. మా ఆయన బస్సు డ్రైవరు. "వాళ్ళకి ఉత్తరం రాస్తే ఎవడు చదువుతాడే" అంటున్నాడు. చదివితే ఆయన పేర రెండు ముక్కలు గట్టిగా రాయండి.

* * *

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

సహాయ విభాగం నమస్కారాలు. మా ప్రోగ్రాంను ఎంచుకున్నందుకు అభినందనలు. కాగితం మీద వచ్చిన ఉత్తరానికి కాగితం మీదే జవాబివ్వాలని మా నియమం. ఆఫీసులో కాగితం వెతకడం వల్ల ఆలస్యమైంది.

మీ సమస్య: లెక్క ఆలస్యంగా నడుస్తోంది. పరిష్కారం: మా ప్రోగ్రాం మీ బిళ్ళను చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ లెక్క కడుతుంది. ముక్కలు పెద్దవి చేస్తే త్వరగా ముగుస్తుంది. లేదా సగం బిళ్ళనే ఉంచి, మిగతా సగం ఉన్నట్టే భావించుకోమని చెప్పవచ్చు.

గడువు పెంపు: ఇది వినియోగదారు స్వయంగా కోరాలి. వేరెవరి మాటా చెల్లదు. దయచేసి ఆమెను మాతో ఒకసారి మాట్లాడమని చెప్పగలరు.

మీ సేవలో,
సహాయ విభాగం, మూడో బల్ల

తా.క. డ్రైవరు గారికి: చదివాము. చదివాము.

* * *

మూడో బల్ల బాబుకి,

నీ జవాబు చేరింది. ఆ రెండు "చదివాము"లూ మా ఆయన పదేపదే చదువుకుని నోరు మూసుకున్నాడు. ఆ పుణ్యానికి నువ్వు చల్లగా ఉండాలి.

మిగతాదానికి మాత్రం నీ చెవి మెలిపెట్టాలని ఉంది. లెక్క ఆలస్యమవుతోందని నేనెక్కడ రాశాను? అది ముగిస్తే నాకేం మిగులుతుంది? ఇంకా ఆలస్యం ఎలా చెయ్యాలో చెప్పు. ముక్కలు పెద్దవి చేస్తే త్వరగా అవుతుందన్నావు కదా, అయితే ఇసుక రేణువుల్లాగా చేసెయ్. సగం లేకపోయినా ఉన్నట్టే భావించుకోమన్నావు. మా ఇంట్లో రోజూ చేసేది అదే నాయనా.

ఆమెను ఒకసారి మాట్లాడమని చెప్పమన్నావు. నేనూ పొద్దున లేస్తే అదే అడుగుతున్నాను. పలికితే మొదట నీకే చెప్తాను.

మీటర్ల కంపెనీ ఆయన ఊరుకోడు. "అయిందా అమ్మా? బిళ్ళ కొలత లేక పనంతా ఆగిపోయింది" అని ఫోన్లు. నడుస్తోంది బాబూ అని పెట్టేస్తాను. మా ఆడపడుచు నన్ను ఓదార్చడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. "వదినా, ఎందుకిది కరెంటు దండగ" అని మీట మీదికి చెయ్యి చాపింది. గరిటెతో ఒక్కటిచ్చాను. అప్పటినుంచి ఆ గది ముందు చేతులు కట్టుకుని నడుస్తోంది.

ఒక సందేహం. రంగుల కింద సన్నటి గీత ఉంది, గీత మీద చుక్క. ఆ చుక్క మెల్లగా చివరిదాకా వెళ్తుంది. అయిపోయిందిరా దేవుడా అనుకునేలోపు మళ్ళీ మొదటికి వచ్చేస్తుంది. ఇన్నాళ్ళూ ఇంతే. అలాగే వెళ్ళాలా?

ఇట్లు,
బుడంకాయ తల్లి

తా.క. ముక్కలు చిన్నవి చేసే మీట ఏదో రాయి. నేను నొక్కను, మా ఆడపడుచు చేత నొక్కిస్తాను. తేడా వస్తే తిట్టడానికి ఒక మనిషి ఉంటుంది.

* * *

గౌరవనీయులైన తల్లి గారికి,

ముందు నన్ను క్షమించాలి. మీరు రాసిన "ఇంక రాలేదు" పక్కన మా పద్ధతి ప్రకారం "హాజరు సమస్య" అని గుర్తు పెట్టాము. రెండో ఉత్తరం చదివాక ఆ గుర్తు కొట్టేసి, కాసేపు బయటికి వెళ్ళి నిలబడి వచ్చాను.

ఇక చుక్క సంగతి. లేదమ్మా, అలా వెళ్ళకూడదు. చివరిదాకా వెళ్ళిన లెక్క మళ్ళీ మొదటికి రావడం మా ప్రోగ్రాం పుట్టాక జరగలేదు. మీ ఉత్తరం మా పెద్ద ఇంజినీరుకు చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచారు. ఆయన పూర్తిగా ఎంత పొడుగో మా అందరికీ ఆరోజే తెలిసింది. వెంటనే "అంతులేని లెక్కల కమిటీ" వేశారు. కమిటీ తీర్మానాలు ఇవి: మీ గడువు లెక్క పూర్తయ్యేదాకా పొడిగించబడింది. లెక్క పూర్తి కాకూడదు. ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు. గది దగ్గర గట్టి మాటలు, నడకలు, ఏడుపులు ఉండకూడదు, అదురుకు లెక్క చెదిరే ప్రమాదం ఉంది. కరెంటు పోయినా ఆగకుండా పెద్ద బ్యాటరీ పంపుతున్నాము.

మీ,
మూడో బల్ల

తా.క. ముక్కల జోలికి పోవద్దు. ఆడపడుచు గారి చేత అసలు వద్దు.

* * *

మూడో బల్ల నాయనకి,

నువ్వు చల్లగా ఉండాలి, మీ పెద్ద ఇంజినీరు ఇంకా పొడుగవ్వాలి. గడువు పొడిగించిన కాగితం మా అమ్మాయి బట్టల అలమరలో పెట్టాను.

బ్యాటరీ వచ్చింది. బ్యాటరీ అంటే చేతిలో పట్టేదనుకున్నాను. నలుగురు మోసుకొచ్చారు. పెళ్ళికొడుక్కి కూడా అంత వైభవం ఉండదు. ముందు గదిలో సగం అదే, మా ఆయన మంచం వసారాలోకి వెళ్ళింది. అదురు ఉండకూడదన్నారని బస్సును కూడా మా వీధిలోకి తేవడం మానేశాడు. మిక్సీ కట్టిపెట్టాం. తలుపులకు గుడ్డలు చుట్టాం. మాటలన్నీ గుసగుసలే. మా ఆయనకు చెవి సరిగ్గా వినపడదు, గుసగుసగా ఉప్పు అడిగితే గొడుగు తెచ్చిస్తున్నాడు. ఏడుపు వస్తే ఇద్దరం కొంగు అడ్డం పెట్టుకుంటాం. ఆయనకి కొంగు లేదు కాబట్టి నాదే చెరో చివరా. మా ఆడపడుచుకు తుమ్మొస్తే చెప్పులేసుకుని వీధి చివరికి పరిగెత్తి తుమ్మి వస్తోంది.

నిన్న దగ్గరగా కూర్చుని చూశాను. బిళ్ళ చుట్టూ గాజుపెట్టెలాంటిది గీసి ఉంది. రంగులు బిళ్ళ మీంచి లేచి, ఆ గోడ దాకా వెళ్ళి మాయమవుతున్నాయి. ఒక్కటీ వెనక్కి రావడం లేదు. ఎందుకలా? కాస్త గట్టి గోడ పెడితే తిరిగి వస్తాయా?

ఇట్లు,
బుడంకాయ తల్లి

తా.క. బ్యాటరీ మీద "కూర్చోరాదు" అని రాసి ఉంది. మా ఆడపడుచు కూర్చున్నాక చూసుకున్నాం. ఆవిడ క్షేమం. బ్యాటరీ సంగతి మీరే చెప్పాలి.

* * *

అమ్మా,

నమస్కారం. కమిటీ రెండుగా చీలింది. లెక్కకు అంతు లేదని ఒక వర్గం, అంతు ఉంది కానీ లెక్కకే ఇష్టం లేదని ఒక వర్గం. రెండు వర్గాలకూ క్యాంటీన్లో వేరు వేరు బల్లలు వేశారు. దేశదేశాల నిపుణులతో మహాసభ పెడుతున్నారు. ప్రధాన పత్రంలో మీ పేరు రెండోది. మూడోది మీ ఆడపడుచు గారిది, లెక్కను కంటికి రెప్పలా కాచినందుకు.

మీ గోడ ప్రశ్నకు జవాబు అనవసరమని కమిటీ అంది. అందుకని నేనే రాస్తున్నాను. గట్టి గోడ పెడితే తిరిగి వస్తాయి. కానీ అప్పుడది డబ్బాలో మూసిపెట్టిన బిళ్ళ అవుతుంది, జవాబు తప్పుతుంది. నిజానికి అక్కడ గోడ లేదమ్మా. ఆకాశానికి అంతు లేదు, అంతు లేనిదాన్ని కంప్యూటర్లో పెట్టలేం. అందుకని కొంత దూరంలో ఒక గీత గీసి, "ఇక్కడిదాకా వచ్చినదాన్ని వెనక్కి నెట్టకు, పోనివ్వు" అని చెబుతాం. మనకు మాయమైనట్టు కనిపిస్తుంది. అది పోతూనే ఉంటుంది.

మహాసభ కోసం లెక్కను కళ్ళారా చూసి రమ్మని మా ఇంజినీరు ఒకరిని పంపుతున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి. భయపెట్టకండి.

మీ,
మూడో బల్ల

తా.క. బ్యాటరీ క్షేమం. ఆవిడ బరువు తెలిస్తే దాన్ని కూడా పత్రంలో చేరుస్తామంటున్నారు.

* * *

మూడో బల్ల నాయనకి, అమ్మ దీవెనలు.

గోడ సంగతి రాసిన కాగితం మా ఆయన చదువుతానని డ్యూటీకి పట్టుకెళ్ళాడు. ఇంకా తిరిగివ్వలేదు. అడగలేదు నేను.

మీ ఇంజినీరు వచ్చింది. కళ్ళద్దాల పిల్ల. చెప్పులు విప్పించి, మాట్లాడకు అని సైగ చేసి, మునివేళ్ళ మీద లోపలికి తీసుకెళ్ళాం. ముందు నేను, మధ్యలో ఆ పిల్ల, వెనకాల మా ఆడపడుచు. ఆ పిల్ల తెర ముందు కూర్చుంది. వంగి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"పిన్నీ, ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అంది, గుసగుసగానే.

"వానలప్పట్నుంచి."

"ఇది లెక్క కాదు పిన్నీ. లెక్క అయిపోయింది. ఇది సినిమా."

నాకర్థం కాలేదు. లెక్క అవగానే రంగుల బొమ్మ దానంతటదే ఆడేలా మా అమ్మాయే పెట్టుకుందట, తిరిగొచ్చి చూసుకుందామని. ఆ చుక్క సినిమా ఎంతవరకూ వచ్చిందో చెప్పేదట. అయ్యాక మళ్ళీ మొదటినుంచి ఆడుతుందట. మరి లెక్క ఎప్పుడైపోయింది అన్నాను. ఎక్కడో నొక్కి చూసింది. "ఆ పొద్దున్నే. ఆవిడ వీధి మలుపు తిరిగేసరికి అయిపోయి ఉంటుంది" అంది.

"అంటే ఇన్నాళ్ళూ నేను వీధి చివరికెళ్ళి తుమ్మింది సినిమా కోసమా!" అని మా ఆడపడుచు కేక పెట్టింది. ఏమీ చెదరలేదు. రంగులు ఊగుతూనే ఉన్నాయి.

నేను ఒక్కటే అడిగాను, "జవాబు సరిగ్గా వచ్చిందా?" అని.

ఆ పిల్ల తల వంచుకుంది. "కొంచెం తేడా పిన్నీ. బిళ్ళ వెంట్రుకవాసి పొడుగైంది, గొంతు కిందికి దిగింది. మీటరు మాట వీధిలోకి వినపడదు. కాస్త కురచ చేసి మళ్ళీ నడిపితే సరిపోతుంది. ఆవిడుంటే అదే చేసేది."

"నడపాలంటే ఇది ఆపాలా?"

"ఆపాలి." మళ్ళీ తనే అంది, "వద్దంటే ఇలాగే వదిలేసి వెళ్తాను. కమిటీకి ఏదో ఒకటి చెప్తాలే పిన్నీ."

మంచం మీద కూర్చుండిపోయాను. వదిలెయ్యమ్మా అనబోయాను, అబద్ధమెందుకు. కానీ నాయనా, మా అమ్మాయి చిన్నప్పుడు జడ రిబ్బను ఒక పక్కకి వంగితే బడికి కదిలేది కాదు. దాని పనిలో తప్పును అలాగే ఉంచి, నేను దానికి కాపలా కాస్తున్నానా అనిపించింది. పక్కకు జరుగు తల్లీ అన్నాను. అంకె ఆ పిల్ల చెప్పింది, మీట నేను నొక్కాను.

రంగులు పోయాయి. తెర బోసిగా అయింది. చూడలేక వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు పొంగకముందే "అయిపోయింది పిన్నీ, రండి" అని పిలిచింది. ఇంత సేపేనా అది! కొత్త బొమ్మలో ఒక గీత అడ్డంగా వచ్చి, ఒకచోట నుయ్యిలా లోతుగా దిగింది. బిళ్ళ గొంతు ఉండేది ఆ లోతులోనేనట, సరిగ్గా దిగాల్సిన చోటే దిగిందట. మీటర్ల కంపెనీ ఆయనకు నేనే ఫోన్ చేశాను. "అయింది బాబూ" అన్నాను. ఆయన మొదటి బిళ్ళ తయారుకాగానే తెచ్చి చూపిస్తానన్నాడు.

ఆ తర్వాత కంప్యూటర్ ఆపేశాను. దాని ఫ్యాను కూడా ఆగిపోయేసరికి ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ గుసగుసగా "ఎలా ఉంది?" అన్నాడు. "గట్టిగా మాట్లాడవయ్యా, ఇంక ఏమీ చెదరదు" అన్నాను. ఆయన నన్ను చూశాడు, గదిని చూశాడు. అమ్మాయిని పేరు పెట్టి గట్టిగా ఒక్కసారి పిలిచాడు. అంతే నాయనా, ఇద్దరం వీధంతా వినేలా ఏడ్చాం. అది పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

ఇట్లు,
బుడంకాయ తల్లి

తా.క. మహాసభ మాత్రం ఆపకండి. లెక్కకు అంతు లేదని అంతమంది పెద్దవాళ్ళు తేల్చాక కాదనడానికి నేనెవర్ని? మా ఆడపడుచు పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చేసింది. సభలో తనే మాట్లాడుతుందట. ఆవిడ మొదలుపెట్టాక అంతు లేనిది ఎలా ఉంటుందో మీ రెండు వర్గాలకూ ఒకేసారి తెలుస్తుంది.