ఉట్నూరు సైటు నడిపిందెవరు

ఉట్నూరు దాటి, హాస్టల్ సైటు
జూన్

ప్రియమైన బాలక్కా,

బిల్లుల సంచి తీసుకుని జీపు పొద్దున్నే కరీంనగర్ బయలుదేరుతుందట. అందులోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ఇక్కడ ఫోన్ మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి. ఎక్కినా నీ గొంతు సగమే వినిపిస్తుంది. కాగితం మీదయితే నా గోల మొత్తం వింటావు.

మొన్న సెలవులో ఇంటికి లక్సెట్టిపేట వెళ్లినప్పుడు, కరీంనగర్ దాకా పోయి ఒక కోచింగ్ సెంటర్ మెట్లెక్కాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఏ సర్టిఫికెట్ చేస్తే బాగుంటుందని అడిగాను. పీఎంపీ అంటారు, సీఏపీఎం అంటారు, ప్రిన్స్‌టూ అంటారు, వీటిలో తేడా ఏమిటన్నాను. ఆయన నవ్వి, "అన్నీ ఒక్కటే మేడం, మా దగ్గర ఆర్నెల్ల డిప్లొమా ఉన్నది, గది చెయ్యుండ్రి" అన్నాడు. తన కొట్టులో ఉన్న సరుకే మంచిదన్నట్టు. లేచి వచ్చేశాను.

నువ్వే చెప్పు. ఈ కంపెనీలోకి నన్ను తెచ్చింది నువ్వు. పనుల వరుస ఎలా వేయాలో, ఏది ఆగితే ఏది ఆగుతుందో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నువ్వు. నేనిక్కడికి వచ్చి మూడేళ్లు దాటింది. నేను వచ్చిన కొత్తలోనే మేనేజర్ మానేశాడు, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. అప్పటి నుంచి పునాది దగ్గర నుంచి పైకప్పు దాకా నేనే చూస్తున్నాను. నా హోదా మాత్రం ఇంకా జూనియర్ ఇంజినీరే. మా అబ్బా ఒకసారి సైటు చూడటానికి వచ్చి, బోర్డు అంతా చదివి, "గిండ్ల నీ పేరేది బేటీ?" అని అడిగాడు. దర్జీ మనిషి, తను కుట్టిన ప్రతి చొక్కా మీద దుకాణం పేరు పట్టీ వేస్తాడు. నేను చాయ్ తెప్పించాను.

నీ జవాబు కోసం జీపు దారి చూస్తూ,
యుమ్నా

*

కరీంనగర్
జూన్

ప్రియమైన యుమ్నా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వుకున్నాను. ఆ కోచింగ్ ఆయన నాకూ తెలుసు.

నీకు నిజం చెప్తాను, బాధపడకు. పీఎంపీ జోలికి ఇప్పుడే పోకు. డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్లు ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి. నువ్వు నడిపావని నాకు తెలుసు, నీకు తెలుసు. కాగితం మీద నువ్వు జూనియర్ ఇంజినీర్‌వి. వాళ్లు తనిఖీకి ఎంచుకుంటే పైఅధికారి ధ్రువీకరించాలి. హోదా చూసి కాదంటే ఫీజూ పోతుంది, పరువూ పోతుంది. ప్రిన్స్‌టూ మంచిదే, కానీ దాన్ని ఎక్కువగా బ్రిటన్‌లో, అటువైపు కంపెనీల్లో అడుగుతారు. మన బిల్డింగు పనుల్లో దాని పేరు విన్నవాళ్లే తక్కువ.

నీకు సరైనది సీఏపీఎం. అనుభవం అడగరు. కొన్ని గంటల శిక్షణ, ఒక పరీక్ష. ముందు అది చెయ్యి. నాలుగైదేళ్ల తర్వాత పీఎంపీ సంగతి చూద్దాం. తొందరేముంది, నీది చిన్న వయసు.

ఇంకొకటి. ఆసిఫాబాద్ వైపు పెద్ద పని ఒకటి టెండర్‌కు వస్తోంది. నీ గురించి సిద్దిరాములు సార్‌తో మాట్లాడాలని ఉంది. జనరల్ మేనేజర్ అయినా ఆయనకు సైటు సంగతులు అంతగా తెలియవు. అందుకని నువ్వు ఏం చేశావో, ఇబ్బంది వస్తే ఎలా దాటావో, వివరంగా రాసి పంపుతూ ఉండు. చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

వానలు మొదలయ్యాయి, తడవకు.
నీ మంచి కోరే
బాలక్క

*

హాస్టల్ సైటు
సెప్టెంబర్

ప్రియమైన బాలక్కా,

పాసయ్యాను. హైదరాబాద్‌లో పరీక్ష రాసి బయటికి రాగానే ముందు అమ్మీకి, తర్వాత నీకే ఫోన్ చేశాను. నువ్వు మీటింగ్‌లో ఉన్నావేమో, ఎత్తలేదు.

నువ్వు అడిగినట్టే ఈ వానాకాలం సంగతి రాస్తున్నాను. వాగు పొంగితే లారీ రాదని నిరుడే చూశాను కదా. అందుకే ఈసారి ఎండాకాలంలోనే సిమెంటు తెప్పించి, కట్టిన గదుల్లో చెక్కల మీద పేర్పించాను. వాన రోజుల్లో లోపలి పనులు పెట్టుకునేలా వరుస మార్చాను. గోడలకు గిలాబు పూత, కరెంటు పైపులు, తలుపులు అన్నీ అప్పుడే అయ్యాయి. నీళ్ల దగ్గర ఊరివాళ్లతో మాట తేడా వచ్చింది. మా బోరు వల్ల వాళ్ల బావి ఎండుతోందని గొడవ. కూలీల ముఠా పెద్ద భూమవ్వను వెంటబెట్టుకుని వెళ్లాను. "పొద్దుగాల మీరు పట్టుకోండ్రి, ఎండెక్కినంక మేం పట్టుకుంటం" అని ఆమే తేల్చేసింది. మన బోరు నుంచే వాళ్లకూ ఒక నల్లా పెట్టించాను. పని ఒక్క పూట కూడా ఆగలేదు.

ఇవన్నీ సార్‌కు చూపించు. మరీ గొప్పగా చెప్పకు, ఉన్నది చెప్పు చాలు.

బతుకమ్మకు ఎప్పటిలాగే మీ ఇంటికి వస్తాను. సత్తుపిండి నాకోసం దాచిపెట్టు.

ఈ సంతోషంలో సగం నీది.
యుమ్నా

*

కరీంనగర్
అక్టోబర్

ప్రియమైన యుమ్నా,

పాసయినందుకు సంతోషం. పండుగకు మేం మెట్‌పల్లిలో మా అత్తగారింటికి పోతున్నాం, ఈసారి ఇంట్లో ఉండము. ఇంకోసారి రా.

వచ్చే వారం సిద్దిరాములు సార్ మీ సైటుకు వస్తారు. కొత్త పని ఇచ్చేవాళ్లు కూడా వెంట ఉంటారు. అడిగిన దానికి జవాబు చెప్పు, అంతకుమించి మాట్లాడకు. పెద్దవాళ్ల ముందు మనం ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

పని తొందరలో ఉన్నాను.
బాలలక్ష్మి

*

హాస్టల్ సైటు
నవంబర్

బాలక్కా,

నువ్వు చెప్పినట్టే తక్కువ మాట్లాడాను. నువ్వు ఎందుకలా చెప్పావో అక్కడ నిలబడ్డాక అర్థమైంది.

సిద్దిరాములు సార్ వచ్చినవాళ్లకు గదులన్నీ చూపించాడు. వాగు పొంగినా పని ఆగలేదన్నాడు, సిమెంటు ముందే పేర్చామన్నాడు, బావి గొడవ సర్దుబాటు చేశామన్నాడు. నేను రాసిన మాటలే, నేను రాసిన వరుసలోనే. నాకు గర్వంగా అనిపించింది. నా పేరు ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంటూ వెనకాల నడిచాను. మేడ మెట్ల దగ్గర ఆగి ఆయన అన్నాడు: "కరీంనగర్ల కూసోని మొత్తం మా బాలలక్ష్మి మేడమే నడిపిచ్చింది. మొన్ననే పీఎంపీ పాసైంది. తనిఖీ వస్తే నేనే సంతకం పెట్టిన. మీ కొత్త పనికి కూడా ఆమెనే మేనేజర్."

వాళ్లు టీ తాగుతుంటే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "పెండ్లి కుదిరిందట గదా బిడ్డా. పిలగాడు దుబాయ్‌ల ఉన్నడట. బాలలక్ష్మి చెప్పింది. మంచిగైంది. ఎట్లయినా పోయేదానివని నిన్ను గా పనికి అనుకోలే."

"నాకు పెండ్లి కుదరలే సార్. దుబాయ్‌ల మాకెవ్వరూ లేరు" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూసి, మళ్లీ వచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడక్కడ కైలాసం గారున్నారు. హాస్టల్ కట్టించుకుంటున్న శాఖ ఇంజినీరు, మొదటి నుంచీ మన పని తనిఖీ చేసేది ఆయనే. ఆయన మెల్లగా అడిగారు, "నువ్వెందుకు రాయలేదమ్మా పీఎంపీ?" హోదా సరిపోదన్నాను. "హోదా ఎవరడుగుతరు? నువ్వేం పని నడిపినవో అడుగుతరు. మా తమ్ముడు రాసిండు, నాకు తెల్వదా" అన్నారు.

నేను పీఎంపీ రాయకూడదన్నావు. నా పని చెప్పుకుని నువ్వు రాశావు. అది కూడా ఎలాగో మింగుతాను. కానీ లేని పెళ్లికొడుకును ఎక్కడి నుంచి తెచ్చావక్కా? నా పేరు యుమ్నా కాబట్టి, దుబాయ్ అనగానే ఎవరైనా నమ్ముతారనే కదా. మీ ఇంట్లో ఇన్నేళ్లు కూర్చుని అన్నం తిన్నాను. నువ్వు నన్ను ఎలా చూస్తున్నావో నాకు తెలియలేదు.

ఒక్కసారి జవాబు రాయి.
యుమ్నా

*

కరీంనగర్
డిసెంబర్

ప్రియమైన యుమ్నా,

చాలా కాగితాలు చింపేసి ఇది రాస్తున్నాను.

నేను ఈ ఆఫీసుకు వచ్చినప్పుడు నువ్వు బడికి పోతున్నావు. అప్పటి నుంచి అందరి పనులకూ పట్టికలు గీశాను. నేను నేర్పిన మగపిల్లలు ముగ్గురు నా నెత్తి మీద మేనేజర్లయ్యారు. నాకు ఒక్క సైటు ఇవ్వండని అడిగితే, "ఇంట్ల పిల్లలున్నరు, నీకెందుకమ్మా గా తిరుగుడు" అనేవారు. సైటు అనుభవం లేకుండా పీఎంపీ రాదు, పీఎంపీ లేకుండా సైటు రాదు. ఆ తలుపు ఒక్కసారి తెరుచుకుంది. ఈసారి కూడా పక్కకు జరిగి నీకు దారి ఇవ్వాలా?

నీ సైటు వరుసలన్నీ మొదట వేసింది నేను కాదా? నా చెయ్యి లేదంటావా? పెళ్లి మాటంటావా, కొత్త పనికి ఇంకెవరైనా ఉన్నారా అని సార్ అడిగాడు. నోటికి ఏది వస్తే అది అన్నాను. ఏదో ఒక రోజు పెళ్లి చేసుకోవా, వెళ్లిపోవా? నేను చెప్పింది రేపటి మాట, అంతే.

ఆసిఫాబాద్ పనికి నా కింద డిప్యూటీగా రా. జీతం పెంచమని నేనే అడుగుతాను. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు మాత్రం ఏమీ రాయకు. అది పోతే ఈ వయసులో నేను ఎక్కడికి పోవాలి?

నీ అక్కననే అనుకుంటూ,
బాలలక్ష్మి

*

లక్సెట్టిపేట
జనవరి

బాలలక్ష్మి గారికి,

నేను కరీంనగర్ ఆఫీసుకు వచ్చిన రోజు మీరు సెలవులో ఉన్నారు. సిద్దిరాములు సార్‌ను కలిశాను. ఉట్నూరు సైటు నడిపింది ఎవరో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. తలుపు దగ్గరికి వేసి, కూర్చోమన్నాడు.

"సైట్ల ఎవరున్నరో నాకు తెల్వదా బిడ్డా? సంతకం పెట్టేటప్పుడే తెల్సు. టెండర్ల పీఎంపీ ఉన్న మనిషి పేరు అడిగిండ్రు. బాలలక్ష్మి దరఖాస్తు పెట్టుకున్నది, మనకు పనికొచ్చింది. ఇన్నేండ్లు కుర్సీల కూసున్నామె సైటు నడుపుతదా? పేరు ఆమెది ఉంటది, పని నువ్వు చూసుకో. ఇన్నొద్దులు గట్లనే నడిచింది గదా."

"దుబాయ్ పిలగాడు లేడని కూడా తెల్సా సార్?" అన్నాను.

"గది తెల్వదు" అన్నాడు. "తెల్సినా ఏం ఫరక్ పడకపోతుండె."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో చెడ్డతనం ఏమీ లేదు. వానాకాలం సంగతి మాట్లాడినట్టే మాట్లాడాడు. నన్ను అమ్ముకుని మీరు మేనేజర్ అయ్యారనుకున్నాను. మిమ్మల్ని ఎవరూ మేనేజర్‌ను చేయలేదు. మీ కాగితాన్ని తీసుకున్నారు, నా చేతులను మీ కాగితం కింద పెట్టుకోవాలనుకున్నారు. మీరు నన్ను డిప్యూటీగా రమ్మన్నది కూడా ఆయన చెబితేనే అయి ఉంటుంది. మీ ఉత్తరం మళ్లీ చదివితే అలాగే అనిపించింది.

అక్కడే రాజీనామా ఇచ్చాను. మంచిర్యాలలో ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర చేరుతున్నాను. రెండు నీళ్ల ట్యాంకుల పని. జీతం తక్కువే కానీ ఆర్డర్‌లో సైట్ ఇన్‌ఛార్జ్ అని నా పేరు రాసి ఇచ్చారు. పీఎంపీకి దరఖాస్తు పెట్టాను. ఉట్నూరు పని నేను నడిపానని కైలాసం గారు ధ్రువీకరిస్తానన్నారు. ఒకే సైటుకు ఇద్దరు ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే ఉన్నది చెప్తాను. అడగకపోతే మీ మీద నేనుగా ఏమీ రాయను. దాన్ని క్షమించడం అనుకోకండి. మీరు దారి మూసుకుపోయి నిలబడ్డ మనిషని నాకు అర్థమైంది. ఆ దారి కోసం నన్నే తొక్కారన్నది కూడా అర్థమైంది. రెండోది మొదటిదాన్ని చిన్నది చేస్తోంది, నేనేం చేయను?

ఆసిఫాబాద్‌లో ఇక నేను ఉండను. వానలొచ్చినప్పుడు ఆ పని మీరే నడపాలి.

సామాను తీసుకోవడానికి ఉట్నూరు వెళ్లాను. భూమవ్వ ముఠా కూడా మీ కొత్త పనికే వస్తోంది. ఆమె నా బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడింది.

"కొత్త మేడమెట్లుంటది బిడ్డా? మంచిదేనా?" అని అడిగింది.

"పని వచ్చు" అన్నాను.

"గది కాదు నేనడిగేది" అంది.

బస్సు వచ్చింది. ఎక్కేశాను.

యుమ్నా
అజీముద్దీన్ దర్జీ బిడ్డ, లక్సెట్టిపేట