నానుతాడు పెరిగింది

ఫిబ్రవరి 4, మంగళవారం

నా ఇంగ్లీషు బాగుపడాలని మా అమ్మాయి మైత్రి ఒక ఫ్రెంచి డిటెక్టివ్ నవల ఇచ్చింది, ఇంగ్లీషులోకి మార్చినది. అందులో ఇన్‌స్పెక్టర్‌కి కాస్త తిక్క. అనుమానాలన్నీ పెంపుడు బాతుకి చెప్పుకుంటాడు. మనుషులతో అంటే అవి నిజమైపోతాయట. మాకు బాతు లేదు. దేవుడి ముందు ఇలాంటివి అనలేను. అందుకే పెన్ను పట్టాను.

నా బంగారు నానుతాడు కనబడటం లేదు. శనివారం అది పెరిగింది. తెగిందని రాయడానికి చెయ్యి రాదు. పుస్తెలు పసుపుతాడుకి కట్టుకుని, గొలుసుని దేవుడి గదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టాను. ఆదివారం దీపం పెట్టబోతే లేదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, వీకెండ్‌కి తనుండే ఊరు అల్ఫారెట్టా నుంచి వచ్చి వెళ్లిన మైత్రి, పై గదిలో రెంట్‌కి ఉండే సాయి ప్రియ. మాస్టర్స్ చదువుతోంది.

ఇంకెవరు తీస్తారు అన్నారు ఈయన. వచ్చే శనివారం రూమ్ ఖాళీ చేయమని తనే చెప్తారట. సెమిస్టర్ మధ్యలో, పరాయి దేశంలో, ఈ చలిలో, దొంగ అన్న పేరుతో ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరి 5

సాయి ప్రియ పచ్చిపులుసు తెచ్చింది. మొహం గట్లున్నదేంది ఆంటీ, జరమొచ్చిందా అని నుదురు పట్టి చూసింది. నేను ఆ చేతికి కొత్త గాజు ఉందేమోనని చూశాను. ఛీ.

ఫిబ్రవరి 7, పొద్దున

నవల అయింది. ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరు చేశారని అడగనే అడగడు. డైనింగ్ టేబుల్ కింద పడుకుని, ఈ ఇంట్లో మీరు చివరగా విన్న మాట ఏమిటని ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఈయనకి చెబితే, వాడికి జీతం ఎవడిస్తున్నాడు అన్నారు.

నా మోకాళ్లతో టేబుల్ కిందికి దూరలేను. మైత్రికి ఫోన్ చేస్తాను. రెండ్రోజులుగా ఎత్తడం లేదు.

అదే రోజు సాయంత్రం

ఎత్తింది. శనివారం నేను ఏమన్నానమ్మా అని మాత్రమే అడిగాను. ఏడుపు మొదలుపెట్టింది. మమ్మీ, నువ్వే కదా చెయిన్ పెరిగింది అన్నావ్, పెరగడం అంటే గ్రో అవడం కదా, లాంగ్ అయిందేమో, రెండు లింకులు తీయించి బర్త్‌డేకి సర్‌ప్రైజ్ ఇద్దామని తెచ్చాను అంది. షాపువాడు ఇది తెగిపోయి ఉందే అన్నాడట. తన బ్యాగ్‌లోనే తెగిందని హడలిపోయి నా ఫోన్ ఎత్తలేదట.

నవ్వు ఆగలేదు. నవ్వుతూనే దేవుడి గది గడప మీద కూలబడ్డాను. గుండెల మీద నుంచి బండ దించినట్టుంది.

ఈయనకి చెప్పాను. ఆ ఫ్రెంచివాడికి తెలుగు ఎలా వచ్చిందే అన్నారు.

ఫిబ్రవరి 8, శనివారం

లైబ్రరీకి బయల్దేరుతూ పోయొస్త ఆంటీ అంది సాయి ప్రియ. రోడ్డు మీద ఐస్ ఉంది, జాగ్రత్తమ్మా అన్నారు ఈయన, తలెత్తకుండా. నేను వెళ్లిరా తల్లీ అన్నాను.

ఈ కాగితాలు అమ్మవారి పటం వెనక పెడుతున్నాను. దాచు తల్లీ. చూపించకు. ఆ పిల్లకి అసలే వద్దు.