ఎదుటి బల్ల

చిరంజీవి మేనకోడలికి, మావయ్య దీవెనలు.

నువ్వు సెలవుల్లో నా పాత కంప్యూటర్లో ఎక్కించి వెళ్లిన లెక్కల భాషతో పరిచయం మొదలైంది. తెర మీద రెండు బాణాల గుర్తు పెట్టుకుని కూర్చుంటుంది. అదేదో అడుగుతుందని నేను, నేనేదో అడుగుతానని అది, పొద్దుట కాఫీ నుంచి భోజనం దాకా ఎదురుచూపులే. చివరికి నేనే తగ్గి, రెండుకు రెండు కలపమన్నాను. నాలుగంది. పరవాలేదు.

ఇది ఉచితమన్నావు. ఊరికే వచ్చినదాన్ని నేను నమ్మను. అందుకని మా కటకాల, అదే లెన్సుల, కార్ఖానా లెక్కల గది పద్ధతే పెడుతున్నాను. ప్రతి లెక్కా నేనూ మీ నాన్నా ఎదురెదురు బల్లల మీద విడివిడిగా చేసేవాళ్లం. ఒకరు లెక్క చేసిన దారి ఇంకొకరు చూడకూడదు. జవాబులు సరిపోతే ‘కలిసింది’ అని రాయాలి. కలవని కటకాన్ని సానపట్టనిచ్చేవాళ్లం కాదు.

కటకంలోంచి వెలుతురు కిరణాలు ఎంత వంగుతాయో తేల్చే పాత లెక్కొకటి దీంతో పంపుతున్నాను, నువ్వూ విడిగా చెయ్యి. నా జవాబు లోపలి కవరులో ఉంది. నీది తేలాకే చించు.

మీ మావయ్య

తా.క. వరస చివర అర్ధవిరామం పెడితే జవాబు పైకి చెప్పదన్నావు కదా, మరిచిపోయి పెట్టేశాను. అలిగిందనుకుని క్షమాపణ టైపు చేశాను. అందులోనూ తప్పు పట్టింది!

*

మావయ్యకు నమస్కారాలు.

కలిసింది! అయినా ఫోన్లో చెబితే పోయేదానికి కవరులో కవరా? ఆ లెక్కల భాషను అనుమానించకు. తయారుచేసినవాళ్లు దాని లోపలి వరసలన్నీ బయట పెట్టేశారు. ఎవరైనా చదివి తప్పు పట్టొచ్చు. ఇంకో మాట. కిరణానికోసారి టైపు చెయ్యకు. అంకెలన్నీ ఒకే నిలువు వరసలో పెట్టి, ఒక్కసారే చెయ్యమను.

నీ మేనకోడలు

తా.క. నీ లెక్క పూర్తయ్యేదాకా మా ఇంట్లో టీవీ గొంతు పెంచనివ్వలేదు.

*

అమ్మాయీ, ఆశీస్సులు.

ఫోన్లో అంకెలు చెబితే తప్పుతాయి. కాగితమే నమ్మకం. లోపలి దారి అందరికీ చూపించేస్తారా? మొహమాటమైనా లేదూ వాళ్లకి!

కానీ ఆ నిలువు వరస అద్భుతం. ఒక్క మీట నొక్కితే కిరణాలన్నీ వంగి అవతల తేలాయి. ఒకప్పుడు ఇంత పనికి లెక్కల యంత్రం పిడి తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయేవి. సాయంత్రం మీ నాన్న నా భుజం నొక్కేవాడు, నేను ఆయనది.

ఆ రోజుల్లో మా ఇద్దరి లెక్కలూ అన్నీ కలిశాయి, ఆఖరి కటకం ఒక్కటి తప్ప. నువ్వు తప్పంటే నువ్వు తప్పనుకున్నాం. అంతలో గదే మూసేశారు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎదురుపడితే ‘భోంచేశారా’ తప్ప ఇంకో మాట లేదు. నాకు గెలవాలని లేదమ్మా. నాకు మీ నాన్న కావాలి. ఆ లెక్కే పంపుతున్నాను, జాగ్రత్తగా చెయ్యి.

మావయ్య

తా.క. అప్పట్లో ఎదుటి పిడి చప్పుడు ఆగితే ఆయన పని అయిందని తెలిసేది. ఇప్పుడు నేను ఆపితే ఇల్లంతా నిశ్శబ్దం.

*

మావయ్యకు నమస్కారాలు.

కలవలేదు. మళ్లీ చేసినా కలవలేదు. నువ్వు టైపు చేసిన వరసలన్నీ ఉన్నవున్నట్టు రాసి పంపు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడో తెలిసిపోతుంది.

నీ మేనకోడలు

తా.క. అది పద్ధతి కాదని కోప్పడతావు. ఆ గదికి తాళం పడి ఎన్నాళ్లయింది మావయ్యా?

*

అమ్మాయీ,

నువ్వు కూడా నిర్లక్ష్యంలో అచ్చం మీ నాన్నవే, లేకపోతే కలవకపోవడమేమిటి! ఉద్యోగంలో ఉండగా ఎవరికీ చూపించని దారి, ఇదిగో. సిగ్గుగా ఉంది. మీ నాన్న కంట మాత్రం పడనివ్వకు.

మావయ్య

తా.క. నువ్వు పంపిన జవాబులో ఏడు అంకెకి నడుం మీద గీత గీస్తావేం? అది మీ నాన్న అలవాటు.

*

ఏమోయ్ బావమరిదీ,

ఆ గీత నాదే. మొదటి లెక్క నుంచీ చేసింది నేనే. అమ్మాయికి తీరికెక్కడిది? నాకూ అదే భాష ఎక్కించి, నీ ఉత్తరాలు నా ముందు పడేసింది. నిర్లక్ష్యం మాట కూడా చదివాను, సంతోషం.

నీ వరసలు చూశాను. చూడకూడదని తెలిసే చూశాను. గాజు వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె ఉంది చూడు, అక్కడ నువ్వు పాత గాజుది వేశావు. నేను ఆఖరి రోజుల్లో వచ్చిన కొత్త గాజుది వేశాను. ఎవరి గాజుకు వాళ్ల జవాబు సరైనదే! ఆ రోజు తల ఎత్తి ఎదుటి కాగితం ఒక్కసారి చూసుంటే, ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికెళ్లేవాళ్లం. పద్ధతి తప్పకూడదని ఇన్నేళ్లు పోగొట్టుకున్నాం. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నీ గాజుతో మళ్లీ చేశాను. జవాబు లోపలి కవరులో ఉంది. ఆదివారం వస్తున్నాను. నీ బల్లకి ఎదురుగా ఇంకో బల్ల వెయ్యి.

మీ బావ

తా.క. నీకు ఓపిక ఉండదని తెలుసు. కవరు చించకు. కలిసింది.