కారం అంటని చేతులు

పర్చూరు

ఆశ్రితమ్మకు వందనాలు.

మా మిరప కూలీల మీద మీరు లండన్‌లో తీస్తున్న చిన్న సినిమా ముక్క, నన్ను సంతకం పెట్టమన్న కాగితం మా మేనకోడలు స్తుతి ఫోన్‌కి వచ్చాయి. "ఇది నా కథే, నా ఇష్టంతోనే తీశారు" అని కాగితంలో ఉందని స్తుతి చదివి చెప్పింది. నేను సంతకం పెట్టలేదు.

ఇక్కడి కల్లం వదిలి అంత దూరంలో ఎందుకు తీస్తున్నారా అని ముందునుంచీ నాకు అనుమానమే. ఇప్పుడది ఇంకా పెరిగింది. సినిమాలో నా వేషం కట్టినావిడ కాయలకు తొడిమలు తీస్తూ, బిడ్డ పోయిన సంగతి చెప్పి, వేళ్లతో కళ్లు తుడుచుకుంది. నిజంగా కాయలు ముట్టుకున్న మనిషి అలా చేస్తే ఆ పూటంతా కళ్లు తెరవగలదా? మేము భుజానికేసి తుడుచుకుంటాం. నాతో పనికొచ్చే దేవకుమారి అది చూసి, "అయ్యి కాయలా, రంగు కాగితాలా వదినా?" అంది.

పోయిన ఫిబ్రవరిలో మూడు రోజులు మీరు నా పక్కనే కూర్చున్నారు. మరి ఇదెక్కడ చూశారా అని ఆలోచించాను. బిడ్డ సంగతి చెప్పిన రోజు నేను ఏడవలేదు, చేతిలో పని కూడా ఆపలేదు. ఏడ్చింది మీరు. కెమెరా పక్కన పెట్టి, చేత్తో కళ్లు తుడుచుకున్నారు. మీ చేతులకు కారం లేదు గనక మీకేం కాలేదు.

ఆ సినిమాలో ఉన్నది మీరేనమ్మా. సంతకం కూడా మీరే పెట్టుకోండి.