బడి శ్లాబు తాళంచెవి

తూర్పుపాలెం,
12 ఏప్రిల్ 2025, శనివారం.

మహారాజశ్రీ ఇమ్మానియేలు మాస్టారి సముఖమునకు,

యలమందయ్య చేసుకొను నమస్కారములు. ఇక్కడ నేనూ, నా భార్య సుబ్బరావమ్మా, గేదే, దూడా కుశలం. తమరూ, తమ చెల్లెలు జయకుమారి గారూ కొత్తపట్నం సముద్రపుగాలిలో ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఈ నాలుగు ముక్కలు రాసేసరికే చెయ్యి లాగేసింది. బుద్ధెరిగినప్పటి నుంచీ నిన్ను 'మీరు' అన్నవాణ్ణి కాదు. జనవరిలో గొడవపడి వెళ్ళావు కదా, కాస్త మర్యాదగా మొదలెడదామని కూర్చున్నాను. మన ఇద్దరి మధ్యా మర్యాద పెళ్ళికి అరువు తెచ్చుకున్న కోటులా ఉంది, చంకల దగ్గర పట్టేస్తోంది. విప్పేస్తున్నాను. ఒరేయ్ ఇమ్మానియేలూ, అసలు సంగతి విను.

మన చర్చి బడి శ్లాబు మీదికెళ్ళే మెట్ల తలుపు తాళంచెవి నీ దగ్గరే ఉండిపోయింది. ఈస్టరు మర్నాడు, సోమవారం పొద్దున్నే అది కావాలి. పోస్టులో వెయ్యకు, పోతుంది. ఒంగోలు బస్సు కండక్టరుకిచ్చి పంపకు, వాడు మన ఊళ్ళో బస్సే ఆపడు. నువ్వే తీసుకుని రా. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు గనక ఎందుకో ఇందులోనే రాస్తున్నాను. పొడుగవుతుంది. కుర్చీ నీడలోకి లాక్కో.

నువ్వు వెళ్ళిన తర్వాత నెలలో గుంటూరు నుంచి శ్రీరమ్య అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. వాగు పక్కన పెడతామంటున్న రంగుల ఫ్యాక్టరీ ఉందే, నూలుకి రంగులద్దేది, నీకూ నాకూ తగువు పెట్టింది, ఆ పని మీదే వచ్చింది. ఫ్యాక్టరీ పెట్టకముందు ఊళ్ళో గాలీ నీళ్ళూ ఎలా ఉన్నాయో కొలవాలట. పెట్టాక ఎలా ఉంటాయో లెక్కగట్టాలట. అదంతా పుస్తకంగా రాసి, ఊరందరినీ పిలిచి సభ పెట్టి, మీరేమంటారని అడగాలట. దీన్ని పర్యావరణ ప్రభావ అంచనా అంటారు. నోరు తిరగడానికి నాకు ఒక పూట పట్టింది. నేను బడికెళ్ళినవాణ్ణి కాదని నీకు తెలుసు. పత్తి విత్తనాల సంచుల మీదా, సినిమా గోడబొమ్మల మీదా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే నా రాత ఇప్పటికీ గోడ మీదికి పనికొచ్చేంత లావుగా ఉంటుంది.

ఆ అమ్మాయి ఒక మిషను తెచ్చింది. అది గాలిని పీల్చి, అందులో దుమ్మంతా ఒక తెల్ల కాగితం మీద పట్టి ఉంచుతుంది. తర్వాత ఆ కాగితాన్ని తూకం వేస్తారు. మిషను పెట్టడానికి ఎత్తయిన చోటు కావాలి, కరెంటుండాలి, లారీలకీ పొయ్యిలకీ దూరంగా ఉండాలి అంది. అలాంటి చోటు మన ఊళ్ళో ఇంకేముంది? మూతబడితే బడింది గాని, మన బడి శ్లాబే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నీకు తెలిసిందే. అయినా నాకు చెప్పుకోవాలనుంది, పడు.

మన ఇద్దరి మీసాలూ నల్లగా ఉన్న రోజులు. మిరపకాయ కల్లాల్లో ఆరుతుంటే అకాల వాన పట్టుకుంది. అప్పట్లో పైన కప్పే టార్పాలిన్ పట్టాలు కొనే స్తోమత ఎవరికుంది? నేను చొక్కా విప్పి కాయ మీద కప్పాను. కల్లమంత కాయకి ఒక చొక్కా! నువ్వు బడిగంట ఆగకుండా కొట్టించావు. ఎక్కడో ఇల్లు తగలబడుతోందని అందరూ పరిగెత్తుకొచ్చారు. నువ్వు తరగతి గదుల తలుపులు బార్లా తీసి, "పిల్లలు తడిస్తే ఆరతారు, కాయ తడిస్తే బూజు పడుతుంది, లోపల పొయ్యండ్రా" అన్నావు. పిల్లల్ని చర్చి వరండాలోకి పంపావు. వాన వెలిశాక ఆరబోసుకోవడానికి శ్లాబిచ్చావు. మళ్ళీ చినుకు పడినా నేల మీదలాగా అక్కడ నీళ్ళు నిలవ్వు కదా.

ఇక చూడు, పైన మిరపకాయలు, కింద ఎక్కాలు. ఏడో ఎక్కం తుమ్మకుండా అప్పజెప్పినవాడు లేడు. తనిఖీకొచ్చిన ఇనస్పెక్టరు కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తుంటే, మా అన్నయ్య పాఠం అంత బాగా చెప్పాడా అండీ అని మీ జయకుమారి అడిగింది. ఆయనకి జవాబు చెప్పడానికి తుమ్ము అడ్డమొచ్చింది.

సాయంత్రాలు కాయ ఒక మూలకి తోసి, ఆ వెచ్చటి శ్లాబు మీద మనం వెల్లకిలా పడుకునేవాళ్ళం. నువ్వు ఎక్కడెక్కడి దేశాల్లో నదుల పేర్లో చెప్పేవాడివి. నేను వాగుకి అవతల ఎవరి చేలో పత్తి విచ్చిందో చెప్పేవాణ్ణి. రెండూ భూగోళమే అనేవాడివి నువ్వు. పత్తి జిన్నింగు మిల్లు కూత వినపడితే లేచేవాళ్ళం. ఆ మిల్లు పోయింది. కూత వేళకి నాకిప్పటికీ మెలకువ లాంటిదేదో వస్తుంది, మెలకువగా ఉన్నా సరే.

అప్పటి నుంచీ ఊరికి అలవాటైపోయింది. మబ్బేస్తే బడి శ్లాబు. మీ పేట, మా బజారు అని లేదు. ముందెక్కినవాడిది మూల.

ఇక మిషను దగ్గరికొద్దాం. దాన్ని పెట్టిన కొద్ది రోజులకే మబ్బేసింది. శ్రీరమ్య గుంటూరు వెళుతూ, కరెంటు పనులు చేసే కోటేష్‌ని కాపలా పెట్టింది. మబ్బు చూడగానే ఆ కాపలావాడే అందరికంటే ముందు తన కాయ ఎక్కించాడు. పట్టా తాడు కట్టడానికి మిషను కాలు వాటంగా ఉందని దానికే కట్టాడు. వెనకాల ఊరంతా ఎక్కింది. నేనూ ఎక్కించాను. తలుపెలా తీశారని అడుగుతావు. ఆ సంగతి తర్వాత చెప్తాను, గుర్తుంటే. నాలుగు చినుకులు పడి వెలిసింది, ఎండ కాసింది, ఆడవాళ్ళు కాయ తిరగేశారు. మిషను పాపం హూ అంటూ ఆ ఘాటంతా పీల్చుకుంది. దానికి తుమ్మే వీలు లేదు.

ఇంజనీరమ్మ వస్తోందని ఫోన్ రాగానే సుబ్బరావమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది. చదువుకున్న పిల్ల మన చెత్త చూస్తే ఏమనుకుంటుందని ఆడవాళ్ళందర్నీ కేకేసింది. కాయ దించేయించి, శ్లాబు కడిగించి, పెళ్ళివారొస్తున్నట్టు ముగ్గు కూడా వేయించింది. ఆ అమ్మాయి వచ్చేసరికి శ్లాబు అద్దంలా ఉంది. మిషనులో తెల్ల కాగితం మాత్రం ఎర్రగా ఉంది. ఇదేమిటని అడిగితే, "మా ఊరి మట్టే అంత మేడమ్, ఎర్రమట్టి" అన్నాడు కోటేష్. నల్లరేగడిలో పుట్టి, ఏటా వానాకాలం ఆ రేగడిలో చెప్పులు పోగొట్టుకునేవాడు! తాడు కట్టింది తనే కదా, ఏదో ఒకటి అనాలి. ఆ పిల్లకి ఇంకా రెండు ఊళ్ళు తిరగాల్సి ఉంది, రాసుకుని వెళ్ళిపోయింది.

మార్చి చివర్లో పంచాయతీకి తెలుగు పుస్తకం వచ్చింది. ఖాదర్‌బీ టీకొట్టు బల్ల మీద కూర్చుని నేనే పైకి చదివాను. ఈ గ్రామపు ఎర్రనేలల కారణంగా గాలిలో ధూళి ఇప్పటికే అధికంగా ఉన్నదట. ప్రతిపాదిత కర్మాగారపు పొగ వలన కలిగే పెరుగుదల స్వల్పమట. కోటేష్ టీ సగంలో వదిలేసి లేవబోయాడు. ఖాదర్‌బీ వాడి చొక్కా పట్టుకుని, "ఏరా, ఆ ఎర్రనేల ఎక్కడుందో చూపించి పో, నా పొయ్యి అలుక్కుంటాను" అంది. అప్పుడు బయటపడింది తాడు సంగతి.

అందరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. మన కాయ ఘాటు తీసుకెళ్ళి వాళ్ళ పొగగొట్టానికి దారి వేసింది. మీ గాలి ఎలాగూ పాడే, ఇంకాస్త పాడైతే ఏం పోయిందని ఊరి పేరుతో అచ్చువేశారు. పోనీ గాలి శుభ్రంగా ఉందని తేలినా ఏం లాభం అంటావా? ఇంత శుభ్రంగా ఉంది, ఇంకొంచెం పొగ పట్టదా అంటారేమో. అయినా సరే, ఉన్నదున్నట్టు రాయమనే హక్కు మనకుంది కదా.

శ్రీరమ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మర్నాడే వచ్చి, ముందు కోటేష్‌ని, తర్వాత నన్ను కడిగేసింది. "ఆ కాగితం మీద సంతకం నాది తాతగారూ, తప్పని తేలితే పోయేది నా ఉద్యోగమే" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కల్లం పక్కనే నిలబడ్డాం గనక అది ఘాటో, బాధో నాకు తెలియలేదు. అప్పుడు కాయ ఏరుతున్న ఆడవాళ్ళలోంచి రెబెకా లేచి వచ్చింది. నీ దగ్గర చదివిన రెబెకాయే, ఇప్పుడు కూలీల ముఠా మేస్త్రి. "అమ్మా, ఆ కాగితం అబద్ధమేం చెప్పలేదు. మేం పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ పీలుస్తోంది అదే. శ్లాబు మీద మళ్ళీ కొలుచుకోండి, కాదనను. ఇక్కడ మా పక్కన కూడా ఒకటి పెట్టండి. మా దగ్గు ఎంత తూగుతుందో మేమూ చూస్తాం" అంది.

నేను తల ఎత్తలేదు. జనవరిలో పంచాయతీ ఆఫీసులో నువ్వన్నదీ అదే. ఫ్యాక్టరీ వస్తే మా వాళ్ళకి నీడపట్టున పని దొరుకుతుందన్నావు. వాగులో రంగునీళ్ళు కలిస్తే ఆ నీడలో కూర్చుని తాగుతారా అన్నాను. "మీ కల్లాల్లో మా ఆడవాళ్ళు దగ్గుతుంటే ఒక్కరోజైనా ఎందుకని అడిగావట్రా యలమందా" అన్నావు. దానికి నేను, సెంటు నేల లేనివాడికి ఊరి సంగతి ఎందుకన్నాను. ఊరి కాయంతా తన బడిలో పోయించుకున్న మనిషితో అన్నాను ఆ మాట. మర్నాడు నువ్వు బస్సెక్కావు. దాని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. కాగితం మీద క్షమాపణ రాస్తే నువ్వు ఎర్రపెన్ను తీసుకుని అక్షరదోషాలు దిద్దుతావు.

ఆ పిల్ల గట్టిదిరా. ఆఫీసులో పోట్లాడి మళ్ళీ కొలవడానికి ఒప్పించింది. సభ వాయిదా పడింది. సోమవారం పొద్దున శ్లాబు మీద మిషను పెడతారు. ఈసారి మబ్బేసినా కాయ ఎక్కించబోమని ఊరంతా ఒప్పుకుంది. కల్లంలో పెట్టే మిషను ఆఫీసు లెక్కలోకి రాదట. అయినా రెబెకా కోసం చిన్నదొకటి తెస్తానంది.

మిషన్లు కొలుస్తాయి సరే. సభలో చెప్పేదెవరు? వద్దనేవాళ్ళు ఒక వైపు, కావాలనేవాళ్ళు ఒక వైపు కూర్చుని అరుచుకుంటారు. వాగు గురించి నేను చెప్తే నా పొలం కోసం అంటారు. దగ్గు గురించి రెబెకా చెప్తే కూలి పెంచమంటోందంటారు. రెండూ ఒక్క నోటితో చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే, ఎవరూ మధ్యలో ఆపరు. సగం మందికి చెవి మెలేసినవాడివి. చివర్లో ఫ్యాక్టరీ కావాలనే అంటావా, అను. నేను వద్దనే అంటాను. ఒకే బెంచీ మీద కూర్చుని అందాం.

ఆ తాళం కొన్న రోజు గుర్తుందా? గుంటూరు బ్రాడీపేటలో కొట్టు కొట్టూ తిరిగాం. చివరి కొట్టువాడు దాన్ని బల్ల మీద దబదబా బాది, మీ ఇద్దరూ పోయినా ఇది ఉంటుందండీ అన్నాడు. నువ్వు మొహం ముడుచుకున్నావు. నేను, అయితే ఇవ్వండి అన్నాను. వచ్చేటప్పుడు బస్సులో తాళం నా జేబులో, చెవి నీ జేబులో.

రేపు మట్టల ఆదివారం. మీ వాళ్ళు మట్టలు పట్టుకుని పాడుకుంటూ మా వీధిలోంచే వెళ్తారు. ఏటా ముందు నడిచేది నువ్వే. రేపు అరుగు మీద కూర్చుని ఎవరివంక చూడాలో నాకు తెలియడం లేదు. జయకుమారికి నా ఆశీస్సులు చెప్పు. ఎండుచేపలు ఇస్తే వద్దనకు.

ఇట్లు,
బడి మెట్లు మిరపకాయల కోసం తప్ప ఎక్కని నీ
యలమందయ్య

తా.క. తలుపెలా తీశారో చెప్తానన్నాను కదా, గుర్తొచ్చింది. ఆ తలుపు కిందటి వానాకాలమే చెదలు పట్టింది. నువ్వు వెళ్ళాక గొళ్ళెం చెక్కతో సహా ఊడి వేలాడుతోంది. తాళం మాత్రం కొట్టువాడు చెప్పినట్టే ఉంది, ఊడిపోయిన గొళ్ళేన్ని గట్టిగా పట్టుకుని. తలుపు గాలికి కొట్టుకోకుండా కోటేష్ ఒక ఇటుక అడ్డం పెట్టాడు. తోస్తే ఎవరికైనా తెరుచుకుంటుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క నీకు తప్ప. సోమవారం పొద్దున ఆ ఇటుక నేనే తీసి పక్కన పెడతాను. నువ్వు మాత్రం అందరి ముందూ జేబులోంచి చెవి తీసి, తాళం తీసినట్టే తియ్యి.