ఫ్యాక్టరీ బట్టలు

మార్చి 9, సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ మీ బావ ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, డాక్టర్ల నోట విని రాస్తున్నాను.

పక్కింటి మేస్త్రీ గారు నీకు గుర్తుండే ఉంటారు. మీ బావతో పాటు సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నువ్వొచ్చినప్పుడల్లా పేకాటలో నిన్ను ఓడించి పడీపడీ నవ్వేవారు. దగ్గీ దగ్గీ పోయిన ఏడాది పోయారు. సిగరెట్ల వల్లేనని ఫ్యాక్టరీ వాళ్ళు తేల్చేశారు. ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. వాళ్ళావిడ ఊరుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషని అనుకునేవాళ్ళం కదా, రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, పెద్దాఫీసరు కిందికి దిగొచ్చేదాకా లేవలేదట.

దాంతో చలి మొదలయ్యే రోజుల్లో ఆ శాఖ వాళ్ళు వచ్చారు. బడిలో ఖాళీ గది తీసుకుని ఎక్స్‌రే మిషను పెట్టారు. కొందరు ముక్కుకీ నోటికీ మాస్కులు పెట్టుకుని, చిన్న చిన్న యంత్రాలతో మా వీధిలో గాలి పట్టుకున్నారు. మా కిటికీ గట్టు మీది దుమ్ముని సీసాలోకి ఊడ్చుకున్నారు. రోజూ తుడుస్తానండీ అని నేను సంజాయిషీ చెప్పుకున్నాను. ఇల్లు శుభ్రంగా లేదని కేసు పెడతారేమోనని నా భయం!

మీ బావ వంతు వచ్చినప్పుడు గుమ్మం పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నారు. ఏడుపొచ్చేసింది నాకు. అప్పుడు ఆ డాక్టరమ్మ, "మీ పని బట్టలు ఎవరు ఉతుకుతారు?" అని అడిగారు. నా గొప్ప చెప్పే అవకాశం వస్తే మీ బావ వదులుతారా? "ఇంకెవరండీ, మా ఆవిడే. పెరట్లో నిలబడి దులిపి దులిపి మరీ ఉతుకుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇంకో చెయ్యి పడనివ్వలేదు" అన్నారు.

ఆమె రాస్తున్న కలం పక్కన పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, మీరు కూడా ఒకసారి లోపలికి రండి" అన్నారు.

"తను ఫ్యాక్టరీ గేటు కూడా దాటలేదండీ" అని మీ బావ నవ్వారు.

నాకూ ఫిల్ము తీశారు. పాత జలుబు తాలూకు మచ్చేదో ఉందట. మందులు రాసిచ్చారు. నువ్వు కంగారుపడకు.

ఆ తర్వాత జరిగిందే అసలు విశేషం. ఫ్యాక్టరీని మూయించి, పనివాళ్ళు ఒళ్ళు కడుక్కుని ఇంటికెళ్ళేలా స్నానాల గదులు కట్టేదాకా తెరవనివ్వలేదు. పని బట్టలు ఇక గేటు దాటకూడదు, అక్కడే ఉతికించాలని ప్రభుత్వం ఆర్డరు. వెనకాల పిల్లలు ఎక్కి జారే విరిగిన రేకుల గుట్ట ఉండేది చూడు, దాన్ని తడిపి, కప్పి, మీద మట్టి పోయించారు. ఇన్నేళ్ళూ లేని జబ్బు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందని మేనేజరు అరిచాడు. ఇది ఇన్నేళ్ళు ఆగే బయటపడుతుంది, అందుకే మీరు ఇన్నాళ్ళూ తప్పించుకున్నారని డాక్టరమ్మ గొంతు పెంచకుండానే చెప్పారు. ఆడవాళ్ళందరికీ పరీక్షలు చేశారు. మేస్త్రీ గారి కోడలు ఈమధ్యే కాపురానికొచ్చిన పిల్ల, తనకేమీ లేదు. ఆ మాట విని వాళ్ళత్తగారు నా భుజం మీద వాలి భోరుమన్నారు.

మీ బావ ఇప్పుడు సబ్బు వాసనతో ఇంటికొస్తున్నారు. పెళ్ళికొడుకులా ఉన్నారని ఏడిపించినా నవ్వడం లేదు. మాట బాగా తగ్గిపోయింది. ఎండలు ముదరకముందే నువ్వొకసారి వచ్చి వెళ్ళు. సెలవు దొరకలేదని సాకులు చెప్పకు.

మరదలికి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

నీ అక్క

తా.క. పై ఉత్తరమంతా మీ బావ చదివి, స్టాంపు తేవడానికి వెళ్ళారు. ఆయన చదువుతారనే అలా రాశాను. అది జలుబు మచ్చ కాదురా. మేస్త్రీ గారిని తీసుకుపోయిన జబ్బే. బట్టలు దులిపినప్పుడల్లా లేచిన, ఫ్యాక్టరీలో రేకుల్లో కలిపే ఆ పొడే కారణమట. పక్కింటావిణ్ణి తోడు తీసుకుని పెద్దాసుపత్రికి కూడా వెళ్ళొచ్చాను. ఈ మందులు ఆయాసానికేగానీ జబ్బుకి కాదట. వానలు చూస్తానో లేదో చెప్పలేమన్నారు. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, మేము రావడం ఆలస్యమైందమ్మా అన్నారు. మీ బావకి చెప్పొద్దని నేనే బతిమాలుకున్నాను. తన ఒంటికి అంటనిది తన బట్టల వల్ల నాకు అంటిందని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేరు.

కానీ తెలిసిపోయిందనే అనుకుంటున్నా. నిన్న పెరట్లో తన మామూలు చొక్కా తనే ఉతుక్కుంటున్నారు. నేను దగ్గరికి పోబోతే, "రాకు, అక్కడే ఉండు!" అని అరిచారు. నా మీద ఆయన గొంతు లేవడం నేనెప్పుడూ ఎరగను. ఆ తర్వాత చాలాసేపు ఆ ఒక్క చొక్కానే జాడిస్తూ కూర్చున్నారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

నా కోసం కాదు, ఆయన కోసం రా. నేను పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళు ఈ జబ్బు ఎలా వచ్చిందని అడుగుతారు. ఆయన్ని జవాబు చెప్పనివ్వకు. పక్కనే కూర్చుని నువ్వు చెప్పు. గాలిలోంచి వచ్చిందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.