మందు కొట్టేలోపు

మంగళగిరి,
ఆదివారం

చెవులు మొరాయించినా నా మాట మాత్రం వినే మా నాన్నకి,

ఫోన్లో చెబుదామంటే నేను అరిచేది వీధంతా వింటుంది, నీకు తప్ప. అందుకే ఉత్తరం. మా ఇంటికి పునాదులు లేచాయి నాన్నా! గదుల్లో మట్టి నింపి, నీళ్ళు పట్టి, దిమ్మిస కొట్టారు. నిన్న ఆ మట్టి మీద ఒక్కదాన్నే తిరిగాను. ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇది హాలు అనుకుంటూ. మగ్గానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

ఈ సంగతి నీ దగ్గర దాచాను. నా పెళ్ళికి నువ్వు చేయించి ఇచ్చిన మగ్గాన్ని అద్దె ఇంట్లో చెదలు తినేశాయని చెప్పాను కానీ, ఆ రోజే నీ అల్లుడు, "కొత్త ఇంట్లో మగ్గం గుంట వద్దు. చెదలకి మనమే దారి తవ్వినట్టుంటుంది" అన్నారని చెప్పలేదు. సరేనన్నాను. అనేశాక వంటింట్లోకి పోయి ఏడ్చాను. చీర నేయకుండా కొత్త ఇంటి టైల్స్ మీద కూర్చుని నేనేం చేయాలి? నా చేతులకి ఇంకో పని రాదు, రావాలనీ లేదు.

ఇవాళ కలీం గారని, ఇళ్ళు కట్టేటప్పుడు నేలకి చెదల మందు కొట్టే ఆయన వచ్చారు. రేపు ఈ మట్టికంతా మందు పట్టించాక, ఆ పైన కాంక్రీటు పోస్తారట. పునాది గోడల వెంట చూసుకుంటూ ఒక మాట అన్నారు. "ఒకసారి మందు పట్టాక నేల్లో గడ్డపార దిగకూడదమ్మా. ఎక్కడ తవ్వితే అక్కడ చెదలకి దారి దొరికిద్ది. తవ్వాల్సినవన్నీ ఇప్పుడే తవ్వేసుకోండి."

ఆయన ఏ పైపుల గురించో అన్నారు. నాకు మాత్రం మగ్గం గుంటే గుర్తొచ్చింది. తర్వాత తవ్వితేగా ముప్పు, ముందే తవ్వితే? అడిగేశాను. గుంట ముందే ఉంటే దాని అడుగునా చుట్టూ కూడా మందు పట్టించి, లోపల ఇటుకలు కట్టి సిమెంటు చేస్తే చెదలు రావు, కాళ్ళకి మందూ తగలదు అన్నారు.

నీ అల్లుడు ఆఫీసు పని మీద ఒంగోలు వెళ్ళారు. కూలీలు వెళ్ళిపోగానే పలుగూ పారా తీసుకుని హాల్లో మగ్గం గుంట తవ్వేశాను నాన్నా! కాళ్ళు దించి కూర్చుంటే సరిగ్గా నా కొలతే. చేతులు బొబ్బలెక్కాయి, అందుకే అక్షరాలు వంకర పోయాయి. రేపు ఆయన పూడ్చమంటే అందులోనే కూర్చుంటాను, ఎలా పూడుస్తారో చూస్తాను.

గుంటలో దిగిన నీ కూతురు,
మాధవీలత


సోమవారం

నాన్నా, నాన్నా,

గుంట ఉంది! ముందు అది చదువుకో, మిగతాది తర్వాత.

పొద్దున అన్నట్టే గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. నీ అల్లుడు ఒంగోలు నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. కలీం గారు చెప్పిందంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, మగ్గం లేని ఇల్లు నాకొద్దన్నాను.

ఆయన మొహం చూడాలి నువ్వు. "నడుం పట్టేసినప్పుడల్లా ఈ గుంటలోంచి ఎప్పుడు బయటపడతానో అని నువ్వేగా అనేదానివి. నీకా కష్టం తప్పుతుందనే వద్దన్నాను" అన్నారు.

అలా తిట్టుకునే మాట నిజమే నాన్నా. అమ్మ పొయ్యిని తిట్టుకుంటూ వండదా? అంతమాత్రాన పొయ్యి పీకేస్తామా? అదే అడిగాను. నవ్వేశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అంతలో ఆయన గుంట చుట్టూ తిరిగి, ఇటు వచ్చేది గోడే కదా, వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందన్నారు. ఎంతైనా నేతగాళ్ళింట పుట్టిన మనిషి. నా తొందరలో కిటికీ సంగతే మర్చిపోయాను! అది ప్లానులో అవతలి మూలన ఉంది. పూడ్చి అటు తవ్వుదామని పార అందుకున్నాను. అప్పటికే కలీం గారు మందు కలపడానికి సిద్ధంగా ఉన్నారు.

మీ అల్లుడే నా చేతిలోంచి పార తీసుకున్నారు. బొబ్బలు చూశారు. మేస్త్రిని పిలిచి కిటికీ ఇటు మార్చమన్నారు. వీధిలోంచి చూస్తే అందంగా ఉండదని మేస్త్రి గొణిగాడు.

"వీధికి బాగోకపోతే పోనీలే. ఆవిడకి పోగులు కనపడాలి" అన్నారు నీ అల్లుడు.

మందు పట్టించడం అయిపోయింది. కొత్త మగ్గానికి టేకు చెక్క చూసుకుని నువ్వు వెంటనే రా.

కిటికీ పక్కన కూర్చోబోయే,
నీ మాధవీలత